ఇన్‌స్టాల్ లేకుండా ఆటలు: అమలాపురంలో ఒక నెట్ సెంటర్

అమలాపురం బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, కింద జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల కౌంటరు, మేడ మీద కంప్యూటర్లు ఉన్న ఒక నెట్ సెంటర్ గురించి ఈ సమీక్ష. కోనసీమలో నెట్ సెంటర్లు ఇంకా మిగిలి ఉన్నాయంటే అది హాల్ టికెట్ల పుణ్యం, కౌన్సెలింగ్ దరఖాస్తుల పుణ్యం. ఆటలాడే పిల్లలు ఫోన్ల వైపు మళ్లి చాలాకాలమైంది. ఈ సెంటర్ యజమాని మాత్రం మేడ మీది యంత్రాలను ఆటలకే కేటాయించారు, అదీ వాటిలో ఒక్క ఆటను కూడా ఇన్‌స్టాల్ చేయకుండా. ఏ యంత్రం చూసినా ఆపరేటింగ్ సిస్టమ్, ఒక బ్రౌజర్ తప్ప మరేమీ ఉండవు. బ్రౌజర్ తెరవగానే ఆయన సొంతంగా తయారు చేసుకున్న పేజీ కనిపిస్తుంది. అందులో కావలసిన బొమ్మ మీద నొక్కితే ఆట ఆ ట్యాబ్‌లోనే నడుస్తుంది. గంటకు 30 రూపాయలు, అరగంటకు 20.

ఈ పద్ధతికి ఎందుకు మారారని అడిగితే ఆయన చెప్పిన కారణం ముక్కుసూటిగా ఉంది. “ఇదివరకు పిల్లలు పెన్‌డ్రైవులో ఏ ఆట తెచ్చేవారో, దాంతో ఏ వైరస్ వచ్చేదో తెలిసేది కాదండి. విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించుకోవడంతోనే సరిపోయేది. ఇప్పుడు ఏం జరిగినా ట్యాబ్ మూసేస్తే పోద్దండి.” ఇందులో అతిశయోక్తి పెద్దగా లేదు. అయితే ట్యాబ్ మూస్తే పోయేది వైరస్ ఒక్కటే కాదు, ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇది ఎక్కడో దూరాన నడిచే ఆటను వీడియోగా పంపే సేవ కాదని ముందే స్పష్టం చేయాలి. సీ, సీ++ భాషల్లో రాసిన అసలు ప్రోగ్రాములే ఇక్కడ మీ ముందున్న యంత్రం ప్రాసెసర్ మీద నడుస్తాయి. బ్రౌజర్‌లో ఇలాంటి నేటివ్ కోడ్‌ను నడపాలన్న కోరిక పాతదే. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌ఎక్స్ ఈ పని చేసింది కానీ, అనుమతి ఇచ్చాక ఆ కోడ్ మీ యంత్రంలో ఏమైనా చేయగలిగేది. ఆ రోజుల్లో నెట్ సెంటర్లు వైరస్‌ల పుట్టలుగా మారడానికి అదీ ఒక కారణమే. 2008 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన నేటివ్ క్లయింట్ మరింత తెలివైన మార్గం ఎంచుకుంది. ప్రోగ్రామును యంత్రభాషలోనే పంపిస్తారు. నడపబోయే ముందు బ్రౌజర్ దానిని ఆసాంతం చదివి, సూచనలన్నీ 32 బైట్ల కట్టలుగా సర్ది ఉన్నాయా, ఏ సూచన మధ్యలోకైనా దొంగచాటుగా దూకే వీలుందా అని తనిఖీ చేసి, అనుమానం వస్తే నడపనే నడపదు. వేగం విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. బాస్టియన్ వంటి పూర్తిస్థాయి ఆట 2011లోనే క్రోమ్‌లో నడిచింది. కానీ మొదటి రూపంలో అది ప్రాసెసర్ రకానికొక ఫైలు అడిగేది, పైగా క్రోమ్ తప్ప మరే ప్రధాన బ్రౌజరూ దానిని తీసుకోలేదు. ఇంజినీరింగ్ పరంగా అంత పకడ్బందీగా కట్టినదానిని 2017లో గూగుల్ తానే పక్కన పెట్టవలసి వచ్చింది. ఒక్క బ్రౌజర్‌కే పనికొచ్చేలా ఆట తయారు చేయమంటే తయారుచేసేవారికి అది గిట్టుబాటు కాదు కదా.

ఆ లోపల ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వారు వేరే దారి తొక్కారు. అలోన్ జకాయ్ 2010లో మొదలుపెట్టిన ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలర్, అంటే ప్రోగ్రామును ఒక భాష నుంచి మరొక భాషలోకి మార్చే సాధనం, సీ++ ప్రోగ్రాములను బ్రౌజర్లన్నిటికీ తెలిసిన జావాస్క్రిప్ట్‌గా మార్చేది. ఆ జావాస్క్రిప్ట్‌ను మరింత బిగించి, బ్రౌజర్ ముందుగానే యంత్రభాషలోకి మార్చుకోగలిగేలా కుదించిన రూపం ఆస్మ్.జేఎస్, 2013లో వచ్చింది. ఈ రెండు ప్రయత్నాల అనుభవంతో గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్, యాపిల్ కలిసి 2015లో ప్రకటించిందే వెబ్‌అసెంబ్లీ. 2017లో నాలుగు ప్రధాన బ్రౌజర్లలోకీ చేరింది, 2019 డిసెంబరు 5న వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది. ఇది ఏ ప్రాసెసర్‌కీ చెందని ఒక మధ్యస్థ రూపం. బ్రౌజర్ దానిని అందుకుంటూనే మీ యంత్రానికి తగిన భాషలోకి మారుస్తుంది. ప్రోగ్రాముకు ఒక మెమరీ గది ఇస్తుంది, ఆ గది గోడ దాటి అది చదవలేదు, రాయలేదు. నెట్ సెంటర్ యజమానికి విండోస్ మళ్లీ ఎక్కించుకునే బెడద తప్పింది ఆ గోడ వల్లనే.

ఇక సెంటర్‌లో ఏముందో చూద్దాం. పేజీలో కనిపించే ఆటలు రెండు జాతులవి, ఈ తేడా తెలియకపోతే కొన్ని సాఫీగా, కొన్ని మొరాయిస్తూ ఎందుకు నడుస్తాయో అర్థం కాదు. మొదటి జాతి, సోర్స్ కోడ్ బహిరంగంగా దొరికే ఆటలను నేరుగా వెబ్‌అసెంబ్లీలోకి కంపైల్ చేసినవి: సూపర్‌టక్స్, ఓపెన్‌టీటీడీ, క్వేక్ కుటుంబంలోని ఒకటి రెండు. రెండవది, డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌ను, అంటే పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రామును, వెబ్‌అసెంబ్లీలోకి కంపైల్ చేసి, దానిలోపల పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆటను ఉన్నదున్నట్టు నడిపించేది. మొదటి దానిలో ఆటే బ్రౌజర్ భాషలోకి వస్తుంది. రెండవ దానిలో బ్రౌజర్ లోపల ఒక నకిలీ పాత కంప్యూటరు, ఆ కంప్యూటరు లోపల ఆట.

యజమాని సౌకర్యం కొద్దీ డూమ్ అనే తుపాకీ ఆటను రెండు విధాలుగానూ పెట్టారు, అందువల్ల పోల్చి చూడడం తేలికైంది. 1993 డిసెంబరులో వచ్చిన ఈ ఆట మొదటి భాగాన్ని షేర్‌వేర్‌గా, అంటే ఉచితంగా, పంచుకోవచ్చు కనుక చట్టపరమైన ఇబ్బంది కూడా లేదు. నేరుగా కంపైల్ చేసిన రూపం తెరిచిన మొదటి రెండు మూడు సెకన్లు కాస్త తడబడుతుంది, తరువాత వెన్నలా సాగుతుంది. ఆ తడబాటు లోపం కాదు. క్రోమ్ ముందుగా ఒక తొందర కంపైలర్‌తో ఎలాగో ఒకలా యంత్రభాష తయారు చేసి ఆటను మొదలుపెట్టేస్తుంది. వెనుక మరొక కంపైలర్ నింపాదిగా మంచి కోడ్ తయారు చేసి, సిద్ధమైన ముక్కలను ఒక్కొక్కటిగా మార్చుతూ పోతుంది. అదే ఆటను రెండవసారి తెరిస్తే ఆ తడబాటు దాదాపు కనిపించదు, ఎందుకంటే కంపైల్ అయిన రూపాన్ని బ్రౌజర్ దాచుకుని ఉంటుంది. డూమ్ సెకనుకు 35 చిత్రాలకు మించి గీయదు, ఆ 35 ఇక్కడ ఎక్కడా తగ్గలేదు, యంత్రం ఫ్యాను చప్పుడు కూడా పెరగలేదు. డాస్‌బాక్స్ రూపం తెరవగానే మాత్రం ఫ్యాను అందుకుంది. అప్పటి 386 ప్రాసెసర్ సూచనలను ఒక్కొక్కటిగా చదివి అనుకరించాలంటే ఆ మాత్రం శ్రమ తప్పదు. అయినా డూమ్ ఆడదగినంత బాగానే నడిచింది. మామూలు కంప్యూటర్‌లో డాస్‌బాక్స్ పాత సూచనలను అప్పటికప్పుడు కొత్త యంత్రభాషగా మార్చుకునే చిట్కా వాడుతుంది. వెబ్‌అసెంబ్లీలో నడుస్తున్న ప్రోగ్రాము తన కోడ్‌ను తానే మార్చి రాసుకోలేదు కనుక ఆ చిట్కా ఇక్కడ సులువుగా సాగదు. పెంటియం నాటి ఆటలు ఈ సెంటర్‌లో నీరసపడిపోవడానికి కారణం ఇదే. యంత్రాలు పాతవని యజమానిని నిందించి లాభం లేదు. డాస్ కాలం తొలి రోజుల ఆటలు ఎంచుకుంటే నిరాశ పడరు.

చిన్నప్పుడు ఫ్లాష్ ఆటలు ఆడినవారి కోసం రఫుల్ అనే ఎమ్యులేటర్ కూడా పెట్టారు. ఫ్లాష్‌కు 2020 చివరన అడోబీ మంగళం పాడాక ఆ పాత ఆటలు మళ్లీ కనబడడం సంతోషమే. వాటిలో చాలావరకు నడిచాయి.

వేగం సంగతి అలా ఉంచితే, ఈ ఏర్పాటులో అసలు చిక్కు కీబోర్డు దగ్గర మొదలవుతుంది. ఇన్‌స్టాల్ చేసిన ఆట తెర మొత్తాన్నీ, మీటలన్నిటినీ తన చేతిలోకి తీసుకుంటుంది. బ్రౌజర్‌లోని ఆట అద్దె ఇంట్లో ఉన్నట్టే, గోడకు మేకు కొట్టాలన్నా యజమాని ఒప్పుకోవాలి. డూమ్‌లో ఆల్ట్ నొక్కిపట్టి ఎడమ బాణం నొక్కితే మనిషి పక్కకు జరుగుతాడు. విండోస్‌లోని బ్రౌజర్‌కు అదే జంట అంతకుముందరి పేజీకి వెళ్లమన్న ఆజ్ఞ. ఆటలో ఎఫ్6 నొక్కితే తొందర సేవ్, ఎఫ్5 నొక్కితే చిత్రం నాణ్యత మారుతుంది. బ్రౌజర్‌లో ఎఫ్5 పేజీని మళ్లీ మొదటి నుంచి తెరుస్తుంది. ఆటను కంపైల్ చేసినవారు శ్రద్ధ తీసుకుంటే ఇలాంటి మీటలను పేజీ ముందే పట్టుకుని బ్రౌజర్ వరకు పోనివ్వకుండా ఆపవచ్చు. నేరుగా కంపైల్ చేసిన డూమ్‌లో ఆ శ్రద్ధ కనిపించింది, డాస్‌బాక్స్ పేజీలో కనిపించలేదు. కానీ ఎంత శ్రద్ధ పెట్టినా మామూలు ట్యాబ్‌లో కంట్రోల్‌తో కలిపి డబ్ల్యూ నొక్కడాన్ని పేజీ ఆపలేదు. తుపాకీ ఆటల్లో డబ్ల్యూతో ముందుకు నడవడం, కంట్రోల్‌తో వంగడం చాలామందికి అలవాటు. నా పక్క కుర్చీలోని కుర్రాడు శత్రువుకు దొరక్కుండా వంగి నడవబోయాడు. ట్యాబ్ మూసుకుపోయింది, గెలవబోతున్న ఆట పోయింది, వాడు కీబోర్డు వైపు, కీబోర్డు వాడి వైపు చూసుకున్నాయి. యజమాని వచ్చి “ఆయ్, కంట్రోల్ వద్దు బాబూ, వంగడానికి సీ నొక్కు” అన్నారు. ఆ మాట ఒక కాగితం మీద రాసి ప్రతి తెర పక్కనా అంటించవచ్చు, లేదా ఆటల సెట్టింగులలోనే వంగే మీటను ముందుగా మార్చి పెట్టవచ్చు. పూర్తి తెరలో ఆడేటప్పుడు కీబోర్డును పేజీకి అప్పగించే ఏర్పాటు క్రోమ్‌లో ఉన్నది కానీ, పేజీ దానిని ప్రత్యేకంగా కోరాలి. ఇక్కడి పేజీలు కోరడం లేదు.

రెండవ చిక్కు, ఆడి సాధించినది ఎక్కడ దాచుకోవాలన్నది. బ్రౌజర్‌లోని ఆట నేరుగా డిస్కు మీద రాయలేదు. బ్రౌజర్ ఇచ్చిన ఇండెక్స్‌డ్‌డీబీ అనే నిల్వలో రాసుకుంటుంది. మీ ఇంటి కంప్యూటర్‌లో అది అలాగే ఉండిపోతుంది. ఈ సెంటర్‌లో మాత్రం ప్రతి ఆటగాడు లేచిపోగానే బ్రౌజర్ నిల్వ మొత్తం తుడిచేస్తారు. ముందు కూర్చున్నవారి ఫైళ్లు వెనక వచ్చినవారికి దొరకకుండా చేయడానికి అది అవసరం కూడా. ఫలితంగా ఓపెన్‌టీటీడీలో మధ్యాహ్నమంతా వేసుకున్న రైలు మార్గాలు లేచిన మరుక్షణం గోదాట్లో కలిసిపోతాయి. సేవ్ ఫైలును పెన్‌డ్రైవులోకి దించుకునే బొత్తాం కొన్ని ఆటల్లో ఉంది, కొన్నింటిలో లేదు. పెన్‌డ్రైవును నిషేధించి మొదలైన ఈ పద్ధతి ఆటగాడి సొంత ఫైళ్ల కోసం మళ్లీ పెన్‌డ్రైవు దగ్గరికే రావడం నాకు నవ్వు తెప్పించింది. అయినా సేవ్ ఫైలును దించుకోవడం వేరు, ఎవరో ఇచ్చిన ప్రోగ్రామును నడపడం వేరు. యజమాని దీనికి అభ్యంతరం చెప్పలేదు. గంటలోపు అయిపోయే ఆటలు ఆడేవారికి ఈ చిక్కు తగలదు.

నెట్ విషయానికి వస్తే ఈ సెంటర్‌ను మెచ్చుకోవాలి. ఆటల ఫైళ్లన్నీ కింద గదిలోని ఒక పాత యంత్రంలో ఉంచి, అక్కడి నుంచే అన్ని కంప్యూటర్లకు పంపిస్తున్నారు. గాలివాన వస్తే కొబ్బరి మట్ట పడి కేబుల్ తెగడం ఈ ప్రాంతంలో వింత కాదు. అలాంటి రోజున బయటి నెట్ లేకపోయినా, ఇన్వర్టర్ మీద మేడ మీది యంత్రాలు నడిచినంతసేపూ ఆటలు నడుస్తాయి. ఆట ఫైళ్లు దగ్గరలోనే ఉండడం వల్ల పెద్ద ఆటలు కూడా త్వరగా తెరుచుకుంటాయి. అయితే ఈ మంచి ఏర్పాటే ఒక లోపానికి మూలం అయింది. కొన్ని కొత్త ఆటల బొమ్మ మీద నొక్కితే నల్లటి తెర, దాని మీద షేర్డ్‌అరేబఫర్ లేదన్న ఒక వరుస కనిపించి ఆగిపోతాయి. ఆ ఆటలు పాడైపోయాయని అక్కడి పిల్లలు అనుకుంటున్నారు, అవి పాడవలేదు. పనిని ఒకేసారి నడిచే రెండు మూడు దారాలుగా (థ్రెడ్లుగా) పంచుకునే ప్రోగ్రాములకు ఉమ్మడి మెమరీ కావాలి, షేర్డ్‌అరేబఫర్ అంటే అదే. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఆ ఉమ్మడి మెమరీతో అతి సూక్ష్మమైన కాలాన్ని కొలిచి ఇతరుల రహస్యాలు చదవవచ్చునన్న భయంతో బ్రౌజర్లు దానిని మూసివేశాయి. తరువాత షరతులతో తెరిచాయి: సైట్ సర్టిఫికెట్‌తో కూడిన సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, తాను ఇతర సైట్ల నుంచి విడిగా ఉంటానని పేజీతోపాటు పంపే రెండు ప్రత్యేక హెడర్లతో ప్రకటించాలి. కింద గదిలోని యంత్రానికి సర్టిఫికెట్ లేదు; మామూలు అంకెల చిరునామాతో, హెచ్‌టీటీపీతో పని చేస్తున్నది. బ్రౌజర్ దృష్టిలో అది నమ్మదగిన చోటు కాదు. అదే ఆటను ఆ సర్వర్ యంత్రం ముందే కూర్చుని లోకల్‌హోస్ట్ (అంటే ఈ యంత్రమే) అన్న పేరుతో తెరిస్తే, దానికి మినహాయింపు ఉంది కనుక, హెడర్లు ఉంటే చాలు నడుస్తుంది. యజమాని సొంతంగా ఒక సర్టిఫికెట్ తయారు చేసి, మేడ మీది యంత్రాలన్నిటిలో దానిని నమోదు చేసి, ఆ రెండు హెడర్లు చేర్చితే ఈ లోపం తీరిపోతుంది. అంత పని పెట్టుకోలేకపోతే ఒకే దారంతో నడిచేలా కంపైల్ చేసిన రూపాలు వెతుక్కోవచ్చు. ఉదాహరణకు ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ 4.3 నుంచి, అంటే 2024 నుంచి, వెబ్ కోసం అలాంటి రూపాన్ని మళ్లీ ఇస్తున్నది.

నెట్ సెంటర్‌లో ఆట అంటే నలుగురూ పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు కాల్చుకోవడమే అనుకునేవారికి ఒక మాట. పాత ఆటలు యంత్రాల మధ్య యూడీపీ అనే పద్ధతిలో నేరుగా మాట్లాడుకునేవి. బ్రౌజర్ లోపలి ప్రోగ్రాముకు ఆ స్వేచ్ఛ లేదు. వెబ్‌సాకెట్, వెబ్‌ఆర్‌టీసీ వంటి బ్రౌజర్ ఇచ్చిన మార్గాల ద్వారానే మాట్లాడగలదు, దానికి మధ్యలో ఒక సర్వర్ కావాలి. ఇక్కడ డూమ్‌కు మాత్రమే ఆ మధ్యవర్తి ఉంది. నలుగురు కలిసి ఆడితే ఎక్కడా వెనకబడలేదు, కేకలు మాత్రం కింది జిరాక్స్ కౌంటరు దాకా వినిపించాయట. మిగతా ఆటలన్నీ ఒంటరిగానే.

యంత్రాల్లో మెమరీ 4 జీబీ మాత్రమే. వెబ్‌అసెంబ్లీ ప్రోగ్రాముకు కేటాయించిన మెమరీ అవసరం కొద్దీ పెరుగుతుంది కానీ, పెరిగినది ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ తగ్గదు. అందుకని ఒక పెద్ద ఆట తరువాత మరొకటి తెరిచేటప్పుడు పాత ట్యాబ్ మూసేయాలి, లేకపోతే రెండూ నత్తనడక నడుస్తాయి. శబ్దం రాలేదని హెడ్‌ఫోన్లు మార్చుకునే ముందు ఆట తెర మీద ఒకసారి నొక్కి చూడాలి. మనిషి చేయి పడనిదే పేజీకి శబ్దం చేసే అనుమతి బ్రౌజర్ ఇవ్వదు.

ఆటలు కాక మరొక ఉపయోగం కూడా గమనించాను. ఇక్కడికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు కొందరు పైథాన్ నేర్చుకోవడానికి ఇదే పేజీ వాడుతున్నారు. పయోడైడ్ అనే ప్రాజెక్టు పైథాన్ భాష మొత్తాన్నీ వెబ్‌అసెంబ్లీలోకి కంపైల్ చేసింది, నంపై వంటి సైన్సు లైబ్రరీలతో సహా. ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి లేని కంప్యూటర్‌లో, నెట్ లేకపోయినా, ఒక ట్యాబ్‌లో పైథాన్ దొరకడం మన కాలేజీ ల్యాబులు కూడా చూసి నేర్చుకోవలసిన విషయం. నా లెక్కన ఈ సెంటర్ చేసిన పనుల్లో ఆటల కంటే ఇదే గొప్పది. బయట బోర్డు మీద దీని ప్రస్తావనే లేదు, యజమానికి దీని విలువ ఇంకా తట్టినట్టు లేదు. గంటకు 30 రూపాయలు ఆటలకు న్యాయంగానే ఉన్నా, చదువుకునేవారికి కొంత తగ్గిస్తే బాగుంటుందని చెప్పాను, ఆలోచిస్తామన్నారు.

పదేళ్లు దాటిన పిల్లలను ధైర్యంగా పంపవచ్చు. పేజీలో ఉన్నవి తప్ప బయటి సైట్లు మేడ మీది యంత్రాల్లో తెరుచుకోవు. డూమ్‌లో రక్తం ఉంటుంది కనుక చిన్నవాళ్లకు సూపర్‌టక్స్ చూపించమని ముందే చెప్పండి. కొత్త, బరువైన ఆటల కోసమైతే వెళ్లవద్దు, వాటికి ఈ యంత్రాలు చాలవు, ఆ సర్టిఫికెట్ సంగతి తేలేదాకా సగం తెరుచుకోవు కూడా. పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో సాయంత్రం పూట కుర్చీ దొరకదు, ఉదయం పది గంటలకు తీసిన వెంటనే వెళ్లడం మేలు. మెట్ల పక్క వరుసలో మౌస్‌లు అరిగిపోయి రెండుసార్లు నొక్కితే గాని ఒకసారి పలకవు. కిటికీ వైపు వరుస అడగండి, అక్కడివి ఈమధ్యే మార్చారు.